మా కంప్యూటర్ తెరను నలుపు చేసిందెవరు

పోయిన నెలలో ఒక ఉదయం లేచి చూసేసరికి నా ఫోనులో బొమ్మలన్నీ మారిపోయి ఉన్నాయి. నిన్నటిదాకా చతురస్రంగా ఉన్నవి గుండ్రంగా అయ్యాయి, గడియారం అంకెలు లావెక్కాయి, సందేశం వచ్చినప్పుడు మోగే చిన్న గంట కాస్తా నీటిబొట్టు పడిన చప్పుడైంది. ఎవరు ముట్టుకున్నారని ఇంట్లో అందరినీ అడిగాను. ఎవరూ ముట్టుకోలేదనీ, కంపెనీవాళ్ళే ఎక్కడినుంచో కొత్త హంగులు పంపిస్తుంటారనీ, అందరి ఫోన్లూ అలాగే మారాయనీ మా అమ్మాయి ఓపికగా వివరించి, చివరికి "నాన్నా, మళ్ళీ రిజిస్టర్ మొదలుపెట్టకండి, ప్లీజ్" అంది. నవ్వుతూనే అంది కానీ, ఆ మాటతో నేను సోఫాలో కూర్చుండిపోయాను. ఆ రిజిస్టర్ సంగతి ఇన్నేళ్ళుగా బంధువుల దగ్గర ఎత్తలేదు. నా ఈడువారు చదువుతారన్న ధైర్యంతో ఇక్కడ చెబుతున్నాను.

రెండువేల నాలుగైదు ప్రాంతపు మాట. అప్పట్లో మేము ఢిల్లీ ఆర్.కె. పురంలో రెండో అంతస్తు ప్రభుత్వ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నేను కొలత సాధనాలను పరీక్షించే ఒక కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాలలో అధికారిని. మా శ్రీమతి ఊళ్ళోని ఒక తెలుగు బడిలో తాత్కాలిక ఉపాధ్యాయురాలు. మాకున్న ఒక్క అమ్మాయి పన్నెండో తరగతి. నాలుగో మనిషి మా బావమరిది, అంటే మా శ్రీమతి తమ్ముడు. గుర్‌గావ్‌లో ఒక కాల్ సెంటర్‌లో రాత్రి షిఫ్టు చేసి, పొద్దున్న కంపెనీ వ్యాన్ దిగి మా ఇంటికి వచ్చి, మేమంతా బయటికి వెళ్ళే వేళకు ముందుగదిలో దుప్పటి ముసుగు పెట్టేవాడు.

ఆ ముందుగదిలోనే, కిటికీకి దూరంగా, మా కంప్యూటర్ ఉండేది. నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ బజారులో రెండు శనివారాలు తిరిగి, ఒక్కొక్క భాగాన్నీ విడిగా ఎంచుకుని, నా ఎదుటే బిగింపించి తెచ్చినది. పదిహేను అంగుళాల మానిటర్, నలభై జీబీ డిస్కు, టెలిఫోన్ తీగతో నడిచే ఇంటర్నెట్, చిన్న కాడ మీద నిలబడే మైకు. మే నెలలో ఢిల్లీ దుమ్ము ఎలా ఉంటుందో తెలిసినవారికి చెప్పనక్కరలేదు. మా శ్రీమతి పాత వాయిల్ చీర చింపి అంచుకు లేసు కుట్టి, మానిటర్‌కు ఒకటి, కీబోర్డుకు ఒకటి తొడుగులు చేసింది. ఆ మూలకు చెప్పులతో ఎవరమూ వెళ్ళేవాళ్ళం కాదు. చేతులు కడుక్కోకుండా మౌస్ ముట్టుకోకూడదన్నది నేను పెట్టిన నియమం.

ఆ రోజుల్లో ఇంటి కంప్యూటర్‌ను అలంకరించడం ఒక వేడుక. మా ఆఫీసులో ఒకాయన తన తెర మీద ఏడుకొండలవాడిని ప్రతిష్ఠించి, యంత్రం ఆన్ కాగానే శంఖం మోగేలా అమర్చుకున్నాడు. ఇంకొకాయన కాసేపు పని ఆపితే చాలు, తెర నిండా చేపలు ఈదేవి. నాకు అవేవీ నచ్చేవి కావు. పచ్చని గుట్ట, పైన నీలాకాశం, నాలుగు స్వరాల ఆహ్వాన ధ్వని, చిన్న తెల్ల బాణంలాంటి సూచిక; యంత్రం ఎలా వచ్చిందో అలాగే ఉండాలని నా పట్టు. మా ప్రయోగశాల నియమమే అందుకు కారణం. ఏ సాధనమైనా రిజిస్టర్‌లో నమోదు లేకుండా దాని ప్రామాణిక స్థితి నుంచి వెంట్రుకవాసి కదిలితే, ముందు దాన్ని యథాస్థితికి తేవాలి, ఆ తరువాత కదిలించినదెవరో విచారించాలి. పంతొమ్మిదేళ్ళు ఆ పని చేసినవాడికి తన ఇల్లు కూడా ప్రయోగశాలలాగే కనబడుతుంది.

ఆ ఏడు జూలైలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి యంత్రం ఆన్ చేస్తే గుట్ట లేదు, ఆకాశం లేదు. తెరంతా నలుపు. ఏ విండో తెరిచినా నల్లని నేల మీద తెల్లని, పసుపుపచ్చని అక్షరాలు. వ్యాధేదో సోకినట్టుగా ఉంది చూడటానికి. మొదటి అనుమానం సహజంగానే మా అమ్మాయి మీదికి పోయింది. స్నేహితురాళ్ళ ఇళ్ళలో చూసి ఏదో ప్రయోగం చేసి ఉంటుందనుకున్నాను. అడిగితే ట్యూషన్ పుస్తకాల్లోంచి తల ఎత్తకుండానే సమాధానం చెప్పింది.

"నాన్నా, కోచింగ్‌కే టైమ్ చాలట్లేదు నాకు. వాల్‌పేపర్ మార్చేంత ఫుర్సత్ ఎక్కడిది?"

నేను కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి అన్నీ యథాస్థితికి తెచ్చాను. ఆఫీసు నుంచి తెచ్చుకున్న ఒక ఖాళీ రిజిస్టర్‌లో తేదీ, వేళ, గమనించిన మార్పు, తీసుకున్న చర్య అని నాలుగు గళ్ళు గీసి మొదటి నమోదు రాశాను. నాలుగు రోజులకు నలుపు మళ్ళీ వచ్చింది. మళ్ళీ తీసేశాను. రెండు వారాలకు బాణం గుర్తు పరిమాణం మూడింతలై, మౌస్ కదిపితే వెనకాల నీడల్లాంటి తోకను ఈడ్చుకుంటూ తిరగసాగింది. ఇది వైరస్ అయి ఉంటుందని ఆఫీసు నుంచి తెచ్చిన వైరస్‌లు పట్టే సీడీతో డిస్కంతా గాలించాను, ఏమీ దొరకలేదు. బయటివాడెవడో తీగ గుండా లోపలికి వస్తున్నాడేమోనని టెలిఫోన్ తీగ పీకి బీరువాలో పెట్టాను. అయినా మూడో రోజుకు బాణం మళ్ళీ పెద్దదైంది. అంటే చేసేవాడు తీగ అవతల లేడు, గోడల లోపలే ఉన్నాడు.

ఆ తరువాత చప్పుళ్ళు మొదలయ్యాయి. ఒక ఆదివారం ఉదయం పాత ఫైలు ఒకటి చెత్తబుట్టలో వేసి ఖాళీ చేస్తే, స్పీకర్లలోంచి చీపురుతో గచ్చు ఊడ్చిన చప్పుడు వచ్చింది. మా ఇంటి చీపురే. చివర కాస్త అరిగి, ఒక పక్కకు గీరుకునే చప్పుడు. ఒక ప్రోగ్రామ్ తెరిస్తే మా వంటింటి తలుపు గడియ తీసిన మోత. ఆ గాభరాలో ఏదో తప్పు మీట నొక్కాను. యంత్రం ఎప్పటిలా టంగుమనలేదు, గొంతు సవరించుకుంది. ఎవరి గొంతో గుర్తు పట్టడానికి నాకు రెండు సెకన్లు పట్టింది, ఎందుకంటే మన గొంతు మనకు బయటినుంచి వినడం అలవాటుండదు. అది నాదే. పేపరు చదువుతూ, ఎవరైనా ఏదైనా పొరపాటు చేస్తే మాట అనకుండా నేను చేసే చప్పుడు.

ఎవరో నాకు తెలియకుండా మా ఇంటి మాటలన్నీ మైకుతో పట్టుకుంటున్నారు. ప్రభుత్వోద్యోగిని, ఆఫీసు విషయాలు ఫోనులో మాట్లాడేవాణ్ణి. మైకు కూడా పీకి తీగ పక్కన పెట్టాను. మరునాడు మా సెక్షన్‌లో తెలుగాయన ఒకరికి రహస్యంగా చెబితే, ఆయన కాసేపు సీరియస్‌గా విని, మన గొంతు సవరింపు విదేశాలకు అమ్ముడుపోయేంత విలువైనదా సార్ అని అడిగాడు. ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు. నా నిశ్చయం మాత్రం గట్టిపడింది. మేము లేనప్పుడు యంత్రం పక్కన ఉండేదెవరు? మా బావమరిది. కంప్యూటర్ లోతులు తెలిసినదెవరు? మా బావమరిది.

మా శ్రీమతి పేరు నా జాబితాలోకి ఒక్కసారి కూడా రాలేదు. బడిలో ప్రశ్నపత్రాలు టైపు చేసి ఇమ్మంటే తమ్ముడికో కూతురికో చదివి వినిపించి కొట్టించుకునే మనిషి. ఆ డబ్బా జోలికి నేను పోనని అందరితో అనే మనిషి. ఆమెకు చేతకాదన్నది నేను పరీక్షించి తేల్చుకున్న విషయం కాదు, పరీక్ష లేకుండా ఒప్పుకున్న విషయం. వృత్తిలో అలాంటి తప్పు కింది ఉద్యోగి చేస్తే మెమో ఇచ్చేవాణ్ణి.

పాస్‌వర్డ్ పెట్టవచ్చు కానీ పెట్టలేదు. తలుపుకు తాళం వేస్తే వచ్చేవాడు రాడు, రాకపోతే ఎవరో తేలదు. దానికి బదులు కీబోర్డు తొడుగు అంచుకు సన్నని కాగితం ముక్క అంటించి దాని మీద పొడి సంతకం చేసి ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. సాయంత్రం వచ్చేసరికి ఆ కాగితం చిరిగి ఉండేది. మూడు రోజులు వరసగా చిరిగాక, ఆదివారం పెసరట్ల దగ్గర బావమరిదిని అడిగాను. రిజిస్టర్ కూడా కంచం పక్కనే పెట్టుకుని, తేదీలు చదివి వినిపించి మరీ అడిగాను. అతను అట్టు తుంచడం ఆపి, పెనం దగ్గర నిలబడ్డ అక్క వైపు ఒకసారి చూశాడు. ఆమె ఇటు తిరగలేదు.

"నేనే బావగారూ. సరదాకి మార్చాను."

"నా గొంతు రికార్డు చేయడం కూడా సరదాకేనా?"

"మీ గొంతు క్లియర్‌గా పలుకుతుంది బావగారూ, స్టూడియో క్వాలిటీ" అన్నాడు. నవ్వించబోయాడు కానీ ఎవరమూ నవ్వలేదు.

ఇది ప్రభుత్వోద్యోగి ఇల్లనీ, సరదాలకు వేరే చోట్లుంటాయనీ అన్నాను. ఇంకా కొన్ని అన్నాను. వాటిని ఇప్పుడు కాగితం మీద పెట్టడానికి మనసొప్పడం లేదు. ఆ వారంలోనే అతను ఆఫీసు దగ్గరైతే ప్రయాణం కలిసొస్తుందని చెప్పి, రెండు సంచులతో గుర్‌గావ్‌లో ఒక పీజీ గదికి మారిపోయాడు. మా శ్రీమతి అతనికి చారుపొడి డబ్బాలో పోసి ఇచ్చి, వ్యాన్ మలుపు తిరిగేదాకా బాల్కనీలో నిలబడింది. నేను రిజిస్టర్‌లో విచారణ ముగిసిందని రాసి కింద గీత గీశాను.

సరిగ్గా పంతొమ్మిది రోజులకు, ఆ గీత కింద ఇంకో నమోదు రాయవలసి వచ్చింది. నలుపు వచ్చింది, తోక వచ్చింది, అక్షరాలు ఈసారి తెరలో పదో వంతు ఎత్తున్నాయి. కంట్రోల్ మీట నొక్కితే బాణం చుట్టూ పెద్ద వలయాలు పుట్టి, లోపలికి కుంచించుకుంటూ దాని మీద వాలుతున్నాయి. తెర మీద బాణం ఎక్కడుందో కనిపెట్టలేనివాళ్ళ కోసం యంత్రం తయారుచేసినవారు పెట్టిన ఏర్పాటు అది. ఆ సంగతి సహాయపు పుటలో చదివాను, రిజిస్టర్‌లో యథాతథంగా ఎక్కించాను. అది ఎవరికి అవసరమవుతుందన్న ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు. బావమరిది అబద్ధం చెప్పాడనీ, ఎవరినో కాపాడుతున్నాడనీ, ఆ ఎవరో మా అమ్మాయే అయి ఉండాలనీ, దాని వెనక ఇంకెవరో ఉండవచ్చనీ, ఇలా సాగిపోయింది నా ఆలోచన.

ఈసారి ఏదీ యథాస్థితికి తేకుండా అలాగే వదిలి, మరునాడు ఎవరికీ చెప్పకుండా సెలవు పెట్టాను. రోజూలాగే టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరి, మార్కెట్ పక్క పార్కులో కూర్చుని, ఇల్లు ఖాళీ అయ్యాక తిరిగి వచ్చి, పడకగదిలో తలుపు ఓరగా వేసుకుని కూర్చున్నాను. అమ్మాయి మూడింటికి గానీ రాదు. ఒంటిగంటన్నరకు తాళం తిరిగింది. మా శ్రీమతి బడి నుంచి వచ్చింది. చెప్పులు వదిలింది, చేతులు కడుక్కుంది, నేను అంటించిన కాగితాన్ని గోటితో తీసి పక్కన పెట్టింది, యంత్రం ఆన్ చేసింది. కుర్చీని ముందుకు లాక్కుని, ముఖాన్ని తెరకు జానెడు దూరంలోకి తీసుకుపోయింది. తరువాత ఆమె చూసిన పద్ధతి నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కళ్ళు కదల్లేదు, తల మొత్తం ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి మెల్లగా తిరిగింది, చీకటి గదిలో టార్చి వేసి వస్తువు వెతికేవాళ్ళలాగా. కంట్రోల్ మీట నొక్కింది. వలయాలు వాలిన చోట బాణాన్ని పట్టుకుంది. వేళ్ళు మాత్రం తడబడకుండా తెలుగు అక్షరాలు కొడుతున్నాయి. ఎక్కడో తప్పు పడింది, స్పీకర్లలో నా గొంతు సవరించుకుంది.

"ఆఁ ఆఁ, వింటున్నా. దిద్దుతున్నా, ఉండండి" అంది తెరతో, రోజూ అనే మాటలాగే.

ఆపుకోలేక, నేను నిజంగానే గొంతు సవరించుకున్నాను. ఆమె వెనక్కి తిరగలేదు. ఆ చప్పుడు కూడా యంత్రానిదే అనుకుని, కొట్టిన వాక్యం మొదటికి వెళ్ళి, లేని తప్పు కోసం ఒక్కొక్క అక్షరమే వెతకసాగింది.

నేను బయటికి వచ్చి ఆమె పక్కనే నిలబడ్డాను. కుడి పక్కన నిలబడ్డ మనిషిని, నేను భుజం ముట్టుకునేదాకా ఆమె చూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"మీ రిజిస్టర్‌లో ఉంటుందిగా" అంది.

ఆ తరువాత మెల్లగా చెప్పింది. వేసవి సెలవుల ముందు నుంచే పిల్లల నోటుపుస్తకాల్లో పక్క పదాలు మాయమవుతున్నాయట. బడిలో ఉద్యోగం ఖాయం కావడానికి వైద్య పరీక్ష ఉంది. అది దాటాక చెబుదామనుకుందట. తమ్ముడి దగ్గర కంప్యూటర్ నేర్చుకుని, పాఠాలన్నీ పెద్ద అక్షరాలతో కొట్టి అచ్చు తీసుకుని, బడిలో వాటిని చూసి చెబుతోందట. కళ్ళు అందని చోట చెవులు పట్టుకుంటాయని, ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఇంటి చప్పుడు పెట్టమని తమ్ముణ్ణి అడిగిందీ తనేనట. తప్పుకు నా గొంతే ఎందుకని అడిగాను.

"తప్పు చేస్తే ఈ ఇంట్లో వినబడేది అదేగా. వెంటనే తెలుస్తుందని" అంది. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. చారులో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టుగా చెప్పింది. నేను యథాస్థితికి తెచ్చిన ప్రతిసారీ, ఆ చిన్న తెల్ల బాణంతో, ఆ చిన్న అక్షరాల మధ్య తడుముకుంటూ మళ్ళీ అన్నీ పెట్టుకోవడానికి తనకు రెండు మధ్యాహ్నాలు పట్టేదట. రిజిస్టర్ లెక్క ప్రకారం అలా పదకొండుసార్లు చేశాను.

ఆ వారమే కంటి ఆసుపత్రికి వెళ్ళాం. కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినే జబ్బు. చూపు అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది, నొప్పి ఉండదు. అర్ధగోళంలాంటి యంత్రంలో తల పెట్టించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. బయటికి వచ్చిన కాగితం మీద కనబడనంత మేరా నలుపు, నడుమ కోడిగుడ్డంత తెలుపు. జీవితమంతా కొలతల కాగితాలు చదివినవాణ్ణి, దాన్ని చదవడానికి నాకు ఎవరి సాయమూ అవసరం లేకపోయింది. ఎప్పుడు మొదలైందని డాక్టరమ్మ అడిగితే మా శ్రీమతి సరిగ్గా చెప్పలేకపోయింది. నేను సంచిలోంచి రిజిస్టర్ తీసి ఇచ్చాను. ఏ తేదీన నలుపు, ఏ తేదీన పెద్ద బాణం, ఏ తేదీన వలయాలు, అన్నీ ఉన్నాయని హిందీలో వివరించాను. ఆవిడ పుటలు తిప్పి, అద్దాలు తీసి నా వైపు చూసింది.

"పాంచ్ మహీనే సే లిఖ్ రహే హైఁ ఆప్. ఏక్ బార్ పూఛా నహీఁ?"

అయిదు నెలలుగా రాస్తున్నారు, ఒక్కసారి అడగలేదా అని. పోయిన చూపు రాదనీ, చుక్కల మందుతో ఉన్నది నిలబెట్టుకోవచ్చనీ చెప్పింది. ఆ అయిదు నెలల్లో పోయింది ఎంత అని అడిగాను. అది ఎవరూ కొలిచి చెప్పలేరంది.

తరువాతి ఆదివారం గుర్‌గావ్ వెళ్ళి, నలుగురు కుర్రాళ్ళున్న ఆ పీజీ గదిలో మంచం అంచున కూర్చుని, నాకు చేతనైనట్టు క్షమాపణ చెప్పుకున్నాను. అతను పూర్తిగా చెప్పనివ్వలేదు. "ఒప్పుకున్నవాణ్ణి మళ్ళీ విచారించకూడదు బావగారూ, రూల్ ఉంది" అని, కింద బండి దగ్గరికి తీసుకెళ్ళి టీ తాగించాడు. అక్క చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుందనీ, ఆ ఒట్టు తను నిలబెట్టుకోకుండా ఉండాల్సిందనీ మాత్రం గ్లాసు కింద పెడుతూ అన్నాడు. మా ఇంటికి వచ్చేవాడు కానీ, మళ్ళీ మా ఇంట్లో ఉండటానికి ఎప్పుడూ రాలేదు.

మా శ్రీమతి తనంతట తానే ప్రిన్సిపాల్‌కు విషయం చెప్పి, ఉద్యోగం ఖాయం చేయమన్న దరఖాస్తు వెనక్కి తీసుకుంది. చిన్న తరగతులకు పద్యాలు నోటితో నేర్పే పని ఇచ్చారు; రెండేళ్ళు చేసి మానేసింది. ఇంట్లో కంప్యూటర్‌లో ఆమె పేర వేరే ఖాతా తెరిచి, ఆ నలుపు, ఆ చప్పుళ్ళు అన్నీ ఆమె చెప్పినట్టే పెట్టాను. అదే నేను ఆ యంత్రంలో ఒకరిని అడిగి చేసిన మొదటి మార్పు. చుక్కల మందు వేళ తప్పకుండా పడుతోంది. ఆ కోడిగుడ్డంత తెలుపు కాస్త చిక్కినా ఇంకా ఉంది. ఆ జబ్బు పిల్లలకూ రావచ్చన్నారు కనుక మా అమ్మాయి కూడా ఏటా పరీక్ష చేయించుకుంటుంది, చేయించుకున్నానని చెబుతుంది.

ఆ రోజుల్లో ఇంటికంతటికీ ఒక్కటే తెర. ఒకరు రంగు మారిస్తే మిగతావారికి గుచ్చుకునేది, ఒకరు చప్పుడు పెంచితే అందరం ఉలిక్కిపడేవాళ్ళం. నా అనుమానం ప్రతిసారీ తప్పు మనిషి మీదికే పోయింది నిజమే కానీ, అనుమానించడానికి ఎదురుగా ఏదో ఒకటి ఉండేది. ఇప్పుడు ఎవరి తెర వారి చేతిలో, వారి వేలికే తెరుచుకుంటుంది. మా శ్రీమతి ఫోను ఆమెకు అన్నీ చదివి వినిపిస్తుంది, కానీ చెవిలో పెట్టుకుని వింటుంది గనుక అది ఏ గొంతో నాకు తెలియదు. అమ్మాయి ఎంత పెద్ద అక్షరాలతో చదువుతోందో, అల్లుడు ఏ వెలుతురులో చదువుతున్నాడో, నేను నా అక్షరాలను ఈ మధ్య ఎన్నిసార్లు పెంచుకున్నానో, ఒకరిది ఒకరికి తెలిసే దారి లేదు. కాబట్టి అడుగుతాను. భోజనాల దగ్గర, ఏమీ ప్రత్యేకం కానట్టు, కళ్ళు ఎలా ఉన్నాయని అడుగుతాను. బాగానే ఉన్నాయంటారు. రాసిపెట్టుకోవడానికి ఏమీ ఉండదు; నమ్మాలి, మరునాడు మళ్ళీ అడగాలి.